ఎన్ఎంఆర్, ఎన్‌క్యూఆర్‌లలో పల్స్ ఫేజ్ ఎలా సరిచూసుకోవాలి, ఫేజ్ పట్టిక ఎలా రాసుకోవాలి

ఎన్ఎంఆర్ (కేంద్రక అయస్కాంత అనునాదం), ఎన్‌క్యూఆర్ (కేంద్రక చతుర్ధ్రువ అనునాదం) రెండింటిలోనూ నమూనాకి రేడియో పల్స్‌లు పంపి, కేంద్రకాలు తిరిగి ఇచ్చే సిగ్నల్‌ని పట్టుకుంటాం. వెయ్యి స్కాన్లు కూడినా ఎకో, అంటే పల్స్‌ల తర్వాత కాసేపాగి తిరిగివచ్చే సిగ్నల్, పైకి తేలడం లేదంటే చాలామంది ముందు ప్రీయాంప్లిఫయర్‌ని (రిసీవర్ మొదట్లో ఉండే యాంప్లిఫయర్) అనుమానిస్తారు. ఆ తర్వాత కాయిల్‌ని విప్పుతారు. ఏ స్కాన్‌లో ఏ ఫేజ్ వాడాలో చెప్పే ఫేజ్ పట్టిక మీద కన్ను పడేది ఆఖరున. నిజానికి మొదట చూడాల్సింది దాన్నే. పల్స్ ఫేజులు, రిసీవర్ ఫేజులు ఒకదానికొకటి పొసగకపోతే ఉన్న సిగ్నల్‌ని మన చేత్తో మనమే కొట్టేసుకుంటాం. స్కాన్లు పెంచినకొద్దీ అది ఇంకా శుభ్రంగా సున్నా అవుతుంది.

కింది పద్ధతి ల్యాబ్‌లో కట్టుకున్న పల్స్ స్పెక్ట్రోమీటర్లకు. పరీక్షకు రెండు నమూనాలు చాలు. ఎన్ఎంఆర్‌కి మైలుతుత్తం కలిపిన నీళ్లు: 100 మిల్లీలీటర్లకు 0.25 గ్రాములు. ఇది సుమారు 10 మిల్లీమోలార్ అవుతుంది, ప్రోటాన్ టీ1 (పల్స్ తర్వాత కేంద్రకాలు మొదటి స్థితికి కోలుకునే కాలం) సెకనులో పదో వంతు ప్రాంతానికి దిగుతుంది, కాబట్టి స్కాన్లు త్వరగా తిప్పుకోవచ్చు. ఎన్‌క్యూఆర్‌కి 10 నుంచి 20 గ్రాముల పొడి సోడియం నైట్రైట్, బిగుతు మూత ఉన్న గాజు సీసాలో. గది ఉష్ణోగ్రత దగ్గర దాని నైట్రోజన్-14 గీతలు (సిగ్నల్ వచ్చే ఫ్రీక్వెన్సీలు) 4.64, 3.60, 1.04 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటాయి. మనం వాడేది 4.64. సోడియం నైట్రైట్ విషం, ఆక్సిడైజర్ కూడా. ఆసిడ్ తగిలితే నైట్రోజన్ ఆక్సైడ్ పొగలు వస్తాయి. తేమ పీల్చుకుంటుంది కాబట్టి సీసా తెరిచి పెట్టకండి.

ఫేజ్ అంటే ఇక్కడ ఏమిటి

ఎన్ఎంఆర్‌లో అయస్కాంతం ఉంటుంది, దాని క్షేత్రం చుట్టూ స్పిన్లు, అంటే కేంద్రకాల చిట్టి అయస్కాంతాలు, తిరుగుతుంటాయి. వాటితో పాటే తిరిగే చట్రంలో నిలబడి చూస్తే పల్స్ ఫేజ్ అనేది ఆర్ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) క్షేత్రం చూపించే దిశ: 0 డిగ్రీలు ఎక్స్, 90 అయితే వై. ఎన్‌క్యూఆర్‌లో అయస్కాంతం లేదు. కాయిల్ అక్షం ఎటూ కదలదు, క్షేత్రం ఆ ఒక్క గీత మీదే ముందుకూ వెనక్కీ ఊగుతుంది. అందుకే ఇక్కడ ఫేజ్‌కి అంతరిక్షంలో దిశ అంటూ ఉండదు, అది పూర్తిగా కాలానికి సంబంధించినది: రిఫరెన్స్ సైన్ తరంగం కంటే పల్స్ ఎంత ముందుంది, ఎంత వెనకుంది. అయినా ఒక్క ఫ్రీక్వెన్సీ గీతనే కదిపినంత కాలం లెక్క మాత్రం ఎన్ఎంఆర్ లెక్కే. అవే పట్టికలు పనిచేస్తాయి.

పొడి నమూనా అనగానే ఒక సందేహం వస్తుంది. స్ఫటికాలన్నీ తలో దిక్కు చూస్తుంటే ఫేజులు కలగాపులగం అయిపోవా? కావు. స్ఫటికం వాలును బట్టి మారేది పల్స్ స్పిన్లని తిప్పే కోణం. కాయిల్ అక్షానికి ఎదురు తిరిగి ఉన్న స్ఫటికానికి పల్స్ గుర్తు మారుతుంది, అది కాయిల్‌లో పుట్టించే వోల్టేజీ గుర్తూ మారుతుంది, రెండూ కలిసి రద్దయిపోతాయి. కోణాలు చెదిరినా ఫేజ్ చెదరదు. ఎన్‌క్యూఆర్‌లో ఫేజ్ మీద ఇంత భరోసా పెట్టుకోగలగడానికి కారణం ఇదే.

మొదటి అడుగు: నమూనా పెట్టకముందే నాలుగు ఫేజులూ కొలవండి

నమూనా తీసేయండి. పవర్ యాంప్లిఫయర్‌ని పక్కన పెట్టి, ట్రాన్స్‌మిటర్ చిన్న సిగ్నల్‌ని 60 డెసిబెల్ లేదా అంతకు మించిన అటెన్యుయేటర్ గుండా రిసీవర్‌కి ఇవ్వండి. యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌ని ప్రీయాంప్‌కి నేరుగా ఎప్పుడూ కలపకండి, ఒక్క పల్స్‌కే అది పోతుంది. ఫ్రీక్వెన్సీ రెండు వైపులా సరిగ్గా ఒకటే ఉంచి, 0, 90, 180, 270 డిగ్రీల పల్స్‌లు ఒక్కొక్కటిగా పంపి, ఐ, క్యూ (90 డిగ్రీల ఫేజ్ ఎడంలో ఉండే రెండు రిసీవర్ చానెళ్లు) వోల్టేజీలు రాసుకోండి. డీసీ ఆఫ్‌సెట్ తీసేశాక నాలుగు బిందువులూ ఒక వృత్తం మీద, సమాన దూరంలో కూర్చోవాలి. ఫేజ్ తేడా 1 డిగ్రీ లోపు, పొడవు తేడా 1 శాతం లోపు ఉంటే పని సాగుతుంది.

నాలుగు బిందువులూ కలిసి ఏ కోణంలో మొదలయ్యాయన్నది ముఖ్యం కాదు. కేబుల్ పొడవు మారితే అది మారుతుంది: 4.64 మెగాహెర్ట్జ్ దగ్గర మామూలు కోయాక్సియల్ కేబుల్ మీటరుకి సుమారు 8 డిగ్రీలు. అది అన్ని స్కాన్లకూ ఒకే రకంగా ఉంటుంది, చివర్లో స్పెక్ట్రమ్‌లో ఒక్క స్థిర ఫేజ్ దిద్దుబాటుతో పోతుంది. మనకు కావలసింది బిందువుల మధ్య తేడాలు.

బిందువులు వృత్తం మీద లేకపోతే తప్పు ట్రాన్స్‌మిటర్‌దా రిసీవర్‌దా తేల్చాలి. ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీని రిఫరెన్స్ కంటే 1 కిలోహెర్ట్జ్ పైకి జరిపి, పొడవైన ఒక్క పల్స్‌ని రికార్డు చేసి ఫూరియర్ పరివర్తన చేయండి. +1 కిలోహెర్ట్జ్ దగ్గర గీతతో పాటు −1 దగ్గర చిన్న నీడ కనిపిస్తే ఐ, క్యూ చానెళ్లు సరితూగలేదు. 1 డిగ్రీ ఫేజ్ లోపానికి 0.9 శాతం నీడ, 1 శాతం గెయిన్ తేడాకి 0.5 శాతం నీడ వస్తుంది. నీడ లేకుండానే నాలుగు బిందువులు తప్పితే దోషం ట్రాన్స్‌మిటర్ వైపు ఉంది. సిగ్నల్‌ని డిజిటల్‌గానే ఐ, క్యూలుగా విడదీసే రిసీవర్లలో నీడ సమస్య దాదాపు ఉండదు.

బిందువులు ప్రతి స్కాన్‌కీ అటూ ఇటూ గంతులేస్తున్నాయంటే గడియారాలు కలవలేదన్నమాట. పల్స్ ప్రోగ్రామర్, సింథసైజర్, డిజిటైజర్ మూడూ ఒకే 10 మెగాహెర్ట్జ్ గడియారం మీద నడవాలి. ఫేజ్ లోపం = 360 × ఫ్రీక్వెన్సీ × సమయ లోపం. ఒక్క నానోసెకను జారితే 4.64 మెగాహెర్ట్జ్ దగ్గర 1.7 డిగ్రీలు, 28 మెగాహెర్ట్జ్ దగ్గర 10 డిగ్రీలు, 400 దగ్గర 144 డిగ్రీలు. తక్కువ ఫ్రీక్వెన్సీలో బాగా నడిచిన పరికరం పొటాషియం క్లోరేట్ క్లోరిన్-35 గీత దగ్గర, అంటే 28 మెగాహెర్ట్జ్ పైన, ఎందుకు మొరాయిస్తుందో ఈ లెక్కలోనే ఉంది.

డీడీఎస్ చిప్ (అంకెల నుంచి నేరుగా తరంగం తయారుచేసేది) వాడేవాళ్లకు రెండు మాటలు. ఏడీ9851లో ఫేజ్‌కి 5 బిట్లే, కాబట్టి 11.25 డిగ్రీల మెట్లు. 90కి సరిగ్గా 8 మెట్లు, ఇబ్బంది లేదు. కానీ 120 డిగ్రీలు అడిగితే రాదు. రెండోది, పల్స్‌కీ రిసీవర్‌కీ మధ్య అదే చిప్ ఫ్రీక్వెన్సీ మారిస్తే ఫేజ్ తెగకుండా సాగుతుంది కానీ మొదటి చోటికి తిరిగి రాదు. తిరిగి పాత ఫ్రీక్వెన్సీకి వచ్చేసరికి ఫ్రీక్వెన్సీ తేడాని అక్కడ గడిపిన కాలంతో గుణించినంత ఫేజ్ పోగవుతుంది. రిఫరెన్స్‌కి వేరే చానెల్ పెట్టి, దాన్ని ప్రయోగం అంతటా కదపకుండా ఉంచడం మేలు.

రెండో అడుగు: ఒక్క పల్స్

ఇప్పుడు నమూనా పెట్టి పల్స్ పొడవు పెంచుకుంటూ పోండి. నీళ్లలో సిగ్నల్, తిప్పే కోణం 90 డిగ్రీలయ్యే దగ్గర శిఖరం ఎక్కి, దానికి రెండింతల పొడవు దగ్గర సున్నాకి వస్తుంది. సోడియం నైట్రైట్ పొడిలో అలా జరగదు. శిఖరం 119 డిగ్రీల దగ్గర, మొదటి సున్నా 257 దగ్గర. అంటే శిఖరం 50 మైక్రోసెకన్లకు వస్తే సున్నా 100కి కాక 108కి వస్తుంది. సున్నా దాటాక సిగ్నల్ ఫేజ్ 180 డిగ్రీలు తిరగబడుతుంది, అది కంటితో చూసి నిర్ధారించుకోండి. తిరగబడకపోతే మీరు చూస్తున్నది సిగ్నల్ కాదు, రింగింగ్ (పల్స్ ఆగాక కాయిల్‌లో మిగిలే మోత) అయ్యుండొచ్చు.

తర్వాత సైక్లాప్స్ పెట్టండి. హోల్ట్, రిచర్డ్స్ 1975లో ఇచ్చిన నాలుగు మెట్ల పట్టిక ఇది:

పల్స్: 0, 90, 180, 270
రిసీవర్: 0, 90, 180, 270

డీసీ ఆఫ్‌సెట్ వల్ల స్పెక్ట్రమ్ నడుమ నిలబడే ముల్లు, ఐ, క్యూ తేడాల నీడ రెండూ పోతాయి. స్కాన్ల సంఖ్య 4 గుణిజంగా ఉంచాలి, మధ్యలో ఆపితే సగం పనే అవుతుంది.

అయితే సైక్లాప్స్ రింగింగ్‌ని ఏమీ చేయలేదు, చాలామంది ఆశపడేది అక్కడే. పల్స్ ఆగాక కాయిల్‌లో మిగిలే మోత ఆ పల్స్ ఫేజ్‌నే పట్టుకుని నడుస్తుంది. ఒక్క పల్స్ తర్వాత వచ్చే సిగ్నల్ కూడా అదే ఫేజ్‌ని పట్టుకుంటుంది. రెండూ చెట్టపట్టాలేసుకుని తిరుగుతుంటే ఏ పట్టికా వాటిని విడదీయలేదు. కాబట్టి పట్టిక రాసే ముందు, పోవాలనుకున్న ప్రతిదాన్నీ ఒక ప్రశ్న అడగండి: ఇది ఏ పల్స్ ఫేజ్‌ని అనుసరిస్తుంది? దానికి జవాబు దొరికితే పట్టిక దానంతటదే వస్తుంది.

మూడో అడుగు: రెండు పల్స్‌ల ఎకో

హాన్ 1950లో చూపిన ఎకోలో ఫేజ్ సూత్రం ఇదీ:

ఎకో ఫేజ్ = 2 × రెండో పల్స్ ఫేజ్ − మొదటి పల్స్ ఫేజ్

మొదటి పల్స్‌ని 90 డిగ్రీలు ముందుకు జరిపితే ఎకో 90 వెనక్కి పోతుంది. రెండో పల్స్‌ని 90 జరిపితే ఎకో 180 తిరుగుతుంది. పాడు చేసేవి మాత్రం ఇలా నడవవు: రెండో పల్స్ రింగింగ్, రెండో పల్స్ తనంతట పుట్టించే సిగ్నల్, రెండూ రెండో పల్స్ ఫేజ్‌ని ఒకంతుకి ఒకంతుగా అనుసరిస్తాయి. తేడా దొరికింది కాబట్టి విడదీయొచ్చు.

బాడెన్‌హాసెన్, ఫ్రీమన్, టర్నర్ 1977లో ఇచ్చిన ఎక్సార్‌సైకిల్ ఈ తేడానే వాడుకుంటుంది:

మొదటి పల్స్: 0, 0, 0, 0
రెండో పల్స్: 0, 90, 180, 270
రిసీవర్: 0, 180, 0, 180

ఇక్కడ జరిగే మామూలు తప్పు రిసీవర్‌ని కూడా 0, 90, 180, 270గా తిప్పడం, సైక్లాప్స్ అలవాటులో. అలా చేస్తే నాలుగు స్కాన్లకు ఎకో కచ్చితంగా సున్నా. 2తో గుణించడం మరిచిపోయిన పాపానికి రాత్రంతా కూడిన డేటా బూడిదలో పోసిన పన్నీరే.

ద్రవాల ఎన్ఎంఆర్‌కి ఎక్సార్‌సైకిల్ బాగుంటుంది. ఎన్‌క్యూఆర్‌కి మాత్రం రెండు మెట్ల పట్టికే ముందు వాడాలి:

మొదటి పల్స్: 0, 180
రెండో పల్స్: 90, 90
రిసీవర్: 0, 180

చూడటానికి ఇది పేదపట్టిక. కానీ పని లోతుగా చేస్తుంది. ఎక్సార్‌సైకిల్‌లో రింగింగ్ రద్దు కావాలంటే రెండో పల్స్ నాలుగు ఫేజుల్లోనూ ఒకే ఎత్తు, కచ్చితమైన 90 డిగ్రీల ఎడం ఉండాలి. రింగింగ్ ఎకో కంటే 100 రెట్లు పెద్దదై, ఫేజ్ ఎడంలో 1 డిగ్రీ లోపం ఉంటే మిగిలే చెత్త ఎకోతో పోటీపడేంత ఉంటుంది. రెండు మెట్ల పట్టికలో రెండో పల్స్‌ని అసలు ముట్టుకోం. దాని రింగింగ్ రెండు స్కాన్లలోనూ అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తుంది, తీసివేతలో పోతుంది. అక్కడ ఫేజ్ కచ్చితత్వంతో పనిలేదు, స్కాన్ నుంచి స్కాన్‌కి నిలకడ ఉంటే చాలు. బాధపెట్టే పల్స్‌ని కదపకుండా ఉంచి, బాధపెట్టని పల్స్‌ని తిప్పండి. డీసీ ఆఫ్‌సెట్, సొంత గడియారం నుంచి కారే నిలకడ సిగ్నళ్లు కూడా ఇదే దెబ్బకి పోతాయి.

పోనిదేమిటి? మొదటి పల్స్ రింగింగ్. అది ఎకోతో పాటే గుర్తు మారుస్తుంది. కాబట్టి రెండు పల్స్‌ల నడిమి కాలం, టౌ, ఆ మోత చచ్చేంత పొడవుండాలి. సోడియం నైట్రైట్‌కి 500 మైక్రోసెకన్లతో మొదలుపెట్టండి.

ఇంకో షరతు ఉంది. ఎకో వచ్చే సమయానికి రిసీవర్ సంతృప్తమై పైకప్పుకి అంటుకుని ఉండకూడదు. కోసుకుపోయిన తరంగంలో ఎకో లేదు, లేనిదాన్ని తీసివేత వెలికితీయలేదు. ఒక్క స్కాన్ ముడి రూపం ఆసిలోస్కోప్ మీద చూసి, ఎకో చోట వోల్టేజీ డిజిటైజర్ పరిధిలో సగానికి దిగువన ఉందో లేదో చూడండి. లేకపోతే గెయిన్ తగ్గించండి.

నాలుగో అడుగు: పల్స్‌ల వరస

కార్, పర్సెల్ 1954లో 180 డిగ్రీల పల్స్‌లను వరసగా పేర్చారు, అన్నీ మొదటి పల్స్ ఫేజ్‌లోనే. పల్స్ 5 శాతం తప్పితే ఒక్కోదానికి 9 డిగ్రీల లోపం, 10 పల్స్‌లకు 90. అక్కడికి సిగ్నల్ చదునైపోతుంది. మైబూమ్, గిల్ 1958లో చేసిన మార్పల్లా వరస ఫేజ్‌ని మొదటి పల్స్‌కి 90 డిగ్రీలు పక్కకి జరపడమే. అప్పుడు బేసి ఎకోలో వచ్చిన లోపాన్ని సరి ఎకో దిద్దుతుంది. నీళ్ల నమూనాతో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. వరస ఫేజ్ 0 ఉంచితే ఎకోలు గబగబా కూలిపోవాలి, 90 ఉంచితే టీ2 (ఎకోలు సహజంగా తగ్గే కాలం) ప్రకారం నిదానంగా దిగాలి. రెండూ ఒకేలా దిగితే మీ ట్రాన్స్‌మిటర్ ఫేజ్ మార్చడం లేదన్నమాట. ప్రోగ్రామ్‌లో రాసినా తీగ దాకా చేరలేదు.

ఎన్‌క్యూఆర్ పొడిలో 180 డిగ్రీల పల్స్ అనేదే అందరికీ ఒకటిగా ఉండదు, స్ఫటికానికో కోణం. అందుకే మారినో, క్లైనర్ 1977లో సోడియం నైట్రైట్ మీద చూపిన స్పిన్-లాక్ ఎకో వరసే ఇక్కడ దిక్కు: 0 ఫేజ్‌లో ఒక పల్స్, టౌ ఆగి, ఆపైన రెండు టౌల ఎడంతో 90 ఫేజ్‌లో పల్స్‌ల వరస. అన్నీ శిఖరం ఇచ్చిన పొడవులోనే. పల్స్‌ల నడుమ ఎకోలు వస్తాయి, టీ2 కంటే చాలాసేపు నిలుస్తాయి. మొదటి పల్స్‌ని వరస ఫేజ్‌లోనే పెడితే ఆ స్పిన్-లాక్ తాళం పడదు, సిగ్నల్ వెంటనే పోతుంది.

ఇక్కడా సూత్రం అదే. మొదటి పల్స్ 0, 180 మార్చండి, వరసని 90 దగ్గర కదపకండి, రిసీవర్ 0, 180. దీనికి మరో లాభం ఉంది. సోడియం నైట్రైట్ 163 డిగ్రీల సెల్సియస్ దాకా ఫెర్రోఎలక్ట్రిక్, అంటే పీజోఎలక్ట్రిక్ (వోల్టేజీకి ఆకారం మారేది) కూడా. ప్రతి పల్స్‌కీ గింజలు యాంత్రికంగా కంపించి, నకిలీ సిగ్నల్ ఇస్తాయి. ఇసుకలోని క్వార్ట్జ్ కూడా ఇంతే. ఆ కంపనం తన ముందరి పల్స్ ఫేజ్‌నే అనుసరిస్తుంది కాబట్టి తీసివేతలో పోతుంది. కాయిల్ దగ్గర సీసాని దూదితో కదలకుండా అదమండి. రెండు స్కాన్ల మధ్య గింజలు సర్దుకుంటే కంపనం మారుతుంది, రద్దు సగమే అవుతుంది.

మొదటి పల్స్ అంటూ లేని, సమాన దూరాల పల్స్‌ల వరస వాడేటప్పుడు తిప్పడానికి వేరే పల్స్ దొరకదు. అప్పుడు రెండు వరసలు నడపండి: ఒకటి అన్నీ 0 ఫేజ్, రెండోది 0, 180 మారుస్తూ. ప్రతి పల్స్ తర్వాతి సిగ్నల్‌ని ఆ పల్స్ ఫేజ్‌తో సరిచేసి, ఒక వరసలోంచి రెండోది తీసేయండి. రింగింగ్ రెండింటిలో ఒకటే, పోతుంది. ఎకో భాగానికి పై సూత్రం వేస్తే మారే వరసలో అది తిరగబడుతుంది, అందుకే మిగులుతుంది.

ఐదో అడుగు: రింగింగ్‌ని పుట్టినచోటే తగ్గించండి

మోత తగ్గే కాలస్థిరాంకం = క్యూ ÷ (3.14 × ఫ్రీక్వెన్సీ). ఇక్కడ క్యూ అంటే కాయిల్ నాణ్యతాంకం, రిసీవర్ క్యూ చానెల్ కాదు. 4.64 మెగాహెర్ట్జ్, క్యూ 100 అయితే 6.9 మైక్రోసెకన్లు. వందల వోల్టుల నుంచి మైక్రోవోల్టు లోపుకి దిగాలంటే 20కి పైగా కాలస్థిరాంకాలు పడతాయి, అంటే 140 మైక్రోసెకన్ల పైమాటే. 28 మెగాహెర్ట్జ్, క్యూ 50 అయితే 12 మైక్రోసెకన్లతో సరి.

దీన్ని కుదించడానికి ఫేజ్‌నే వాడొచ్చు. పల్స్ అయిన వెంటనే అదే ఎత్తులో 180 డిగ్రీల తోక తగిలించండి. కాయిల్‌లో క్షేత్రం నిండుగా ఉంటే తోక పొడవు 0.69 కాలస్థిరాంకం, పై కాయిల్‌కి 4.8 మైక్రోసెకన్లు. 3 నుంచి 7 మైక్రోసెకన్ల వరకు 0.2 చొప్పున మారుస్తూ మోత ఎక్కడ కనిష్ఠమో చూసుకోండి. కాయిల్ ట్యూనింగ్ కొద్దిగా పక్కకి ఉంటే మోత సొంత ఫ్రీక్వెన్సీలో నడుస్తుంది, తోకకి సరిగ్గా ఎదురు ఫేజ్‌లో ఉండదు, కాబట్టి ముందు ట్యూనింగ్, తర్వాత తోక. పూర్తిగా మాయం చేయలేరు. పదో వంతుకి తెచ్చినా 2.3 కాలస్థిరాంకాలు కలిసొచ్చినట్టే.

తక్కిన చిక్కులు

స్పెక్ట్రమ్‌లో ఫేజ్ ఫ్రీక్వెన్సీని బట్టి వాలుగా మారుతోందంటే రికార్డు ఆలస్యంగా మొదలైంది. 20 మైక్రోసెకన్ల ఆలస్యానికి 5 కిలోహెర్ట్జ్ దూరంలోని గీత 36 డిగ్రీలు తిరుగుతుంది. ఎకో శిఖరం నుంచి డేటా తీసుకుంటే ఈ గొడవ ఉండదు.

కూడేకొద్దీ సిగ్నల్ తగ్గుతోందంటే నమూనా ఉష్ణోగ్రత చూడండి. సోడియం నైట్రైట్ గీత డిగ్రీకి సుమారు 1 కిలోహెర్ట్జ్ కిందికి జారుతుంది, పొటాషియం క్లోరేట్ గీత దాదాపు 5. మధ్యాహ్నం ఏసీ ఆగిపోతే గీత వెళ్లిపోయినట్టే. సీసా పక్కన థర్మోకపుల్ పెట్టి, ప్రతి బ్లాకు డేటాని విడిగా దాచి, తర్వాత ఫేజ్ సరిచేసి కూడండి.

స్కాన్ల ఎడం విషయంలో 50 హెర్ట్జ్ కరెంటుని గుర్తుపెట్టుకోండి. ఎడం 20 మిల్లీసెకన్ల గుణిజమైతే కరెంటు రొద, అంటే హమ్, ప్రతి స్కాన్‌లో ఒకే చోట ఉంటుంది, 0, 180 తీసివేతలో పోతుంది. 1 సెకను బదులు 1.01 సెకను పెట్టారనుకోండి, హమ్ స్కాన్ స్కాన్‌కీ తిరగబడుతుంది, రిసీవర్ కూడా తిరగబడుతుంది, రెండూ కలిసి హమ్‌నే శ్రద్ధగా పోగుచేస్తాయి. ఎల్ఈడీ దీపాలు, ల్యాప్‌టాప్ చార్జర్ల చప్పుడు దేని ఫేజ్‌నీ అనుసరించదు. దానికి పట్టికలో మందు లేదు, వాటిని ఆపి కాయిల్‌ని రాగి లేదా అల్యూమినియం పెట్టెలో మూయాలి.